కొత్త బండి, నిలకడలేని స్టీరింగ్: 34 మి.మీ. ప్లే 15కి వచ్చేదాకా

ఏప్రిల్ 13, ఆదివారం. ఓడోమీటరు 640 కి.మీ.

బండి కొని మూడు వారాలైంది. కొన్న సంబరం పక్కన పెట్టి నేరుగా తప్పు దగ్గరికి వస్తున్నాను. ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం లాంటి ఇరుసులు), నిచ్చెన ఆకారపు ల్యాడర్ ఛాసిస్, రీసర్క్యులేటింగ్ బాల్ రకం స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పును చక్రాల వైపు పంపే పళ్ల పెట్టె) ఉన్న ఆఫ్‌రోడ్ బండి ఇది. కంపెనీ పేరు రాయను. ఇదే అమరిక ఉన్న బండి ఎవరి దగ్గరున్నా ఈ పనిని ఇదే వరసలో చేసుకోవచ్చు. నేను చేసిన రెండు పెద్ద తప్పులు చేయకుండా ఉండవచ్చు.

విజయవాడ పటమటలో బయలుదేరి, కనకదుర్గ వారధి ఎక్కి, 80 వేగం అందుకోగానే ఇబ్బంది మొదలవుతుంది. స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకున్నా బండి మెల్లగా ఎడమకు జరుగుతుంది. సరిదిద్దబోతే మొదట చలనం ఉండదు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా కుడికి వెళ్తుంది. మళ్లీ వెనక్కి తిప్పాలి. నది మీద అడ్డగాలి వీచినా, పక్కనుంచి లారీ దాటినా ఇది రెట్టింపవుతుంది. గుంటూరు చేరేసరికి భుజాలు నొప్పి పుడుతున్నాయి. వారధి మీద అతుకులు దాటేటప్పుడు స్టీరింగ్‌లో సన్నని వణుకు కూడా ఉంది. ఈ వణుకును గుర్తుపెట్టుకోండి, దీని సంగతి తర్వాత వస్తుంది.

ఒక తేడా మొదటే తెలుసుకోవాలి. బండి ఎప్పుడూ ఒకే వైపు వెళ్తుంటే దాన్ని లాగడం అంటారు. దానికి టైరో, బ్రేకో, రెండు వైపుల కాస్టర్ (చక్రం వాలు కోణం, దశ 8లో వస్తుంది) తేడానో కారణం కావచ్చు. నా బండి రెండు వైపులకూ పోతోంది, ఎటు పోతుందో ముందుగా తెలియదు. ఇది నిలకడ లేకపోవడం. దీని కారణాలు వేరు.

సర్వీసు కేంద్రంలో చూపించాను. "ఇలాంటి బండ్లు ఇలాగే ఉంటాయి సార్, అలవాటైపోతుంది" అన్నారు. చట్టం ఒప్పుకునే హద్దులోనే ఉందని కూడా అన్నారు. అది నిజమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది స్టీరింగ్ ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే మేర) 30 డిగ్రీలు దాటకూడదంటుంది. కానీ అది రోడ్డు మీద తిరిగే ప్రతి వాహనానికీ పెట్టిన చివరి హద్దు. పదేళ్లు తిరిగిన లారీకి వర్తించే హద్దును 640 కిలోమీటర్ల బండికి కొలమానంగా చూపిస్తే నేను ఒప్పుకోలేను. "అలవాటు" అనే మాటకు అంకెలతో జవాబివ్వాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

## దశ 1: కొలిచే పద్ధతి

రెండు అంకెలు చాలు. ఒకటి బండి ఆగి ఉన్నప్పుడు, ఇంకొకటి నడుస్తున్నప్పుడు.

ప్లే కొలత:

1. చదునైన నేల మీద చక్రాలు తిన్నగా ఉండేలా బండి ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచాలి. పవర్ స్టీరింగ్ కాబట్టి ఇంజను ఆపి కొలిస్తే అంకె తప్పుగా వస్తుంది.
2. స్టీరింగ్ అంచు మీద మిల్లీమీటరు గీతలున్న కాగితపు పట్టీ అతికించాలి. డాష్‌బోర్డుకు ఒక సైకిలు పుల్లను టేపుతో అంటించి, దాని మొన పట్టీకి ఎదురుగా ఉండేలా చూడాలి.
3. ఒక మనిషి బయట కూర్చుని ముందు టైరు పక్కన వేలు ఆనించాలి. స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు తిప్పుతూ, టైరు కదిలిన క్షణం అతను చెప్పగానే అంకె రాసుకోవాలి. అలాగే కుడికీ.
4. ఐదుసార్లు కొలిచి, మధ్య అంకె తీసుకోవాలి.

నాకు సాయం మా బావమరిది. "కదిలింది బావా" అని అతను చెప్పిన ప్రతిసారీ రాసుకున్నాను: 33, 35, 34, 34, 36. అంటే 34 మి.మీ. నా స్టీరింగ్ అడ్డుకొలత 390 మి.మీ., చుట్టుకొలత 1,225 మి.మీ. కాబట్టి ఒక డిగ్రీ అంటే 3.4 మి.మీ. మొత్తం ప్లే 10 డిగ్రీలన్నమాట.

నడక కొలత: కాజ టోల్‌గేటు దాటాక పెదకాకాని వైపు 5 కిలోమీటర్లు. ఆదివారం ఉదయం ఆరున్నర లోపు, గాలి లేనప్పుడు, 80 వేగంలో. స్టీరింగ్ పైభాగాన తెల్లటి టేపు అంటించి, వెనక సీటు నుంచి ఫోనుతో వీడియో తీయించాను. ఇంటికొచ్చాక వీడియో చూస్తూ టేపు 10 మి.మీ. కన్నా ఎక్కువ కదిలిన ప్రతిసారీ ఒక సవరింపుగా లెక్కపెట్టాను. మూడు నిమిషాల నలభై అయిదు సెకన్ల ప్రయాణంలో 61 సవరింపులు. నాలుగు సెకన్లు కూడా చేతులు నిలకడగా లేవు.

ఇప్పటివరకు: ఖర్చు 0. ప్లే 34 మి.మీ. సవరింపులు 61.

## దశ 2: టైర్ల గాలి

ఏప్రిల్ 20. ఓడోమీటరు 780.

ఇది మొదటి రోజే చూడాల్సింది. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద నాలుగు టైర్లకూ 34 పీఎస్‌ఐ అని ఉంది. తెల్లవారుజామున, బండి కదలకముందు కొలిస్తే 45, 46, 45, 44 ఉన్నాయి. కొత్త బండ్లను లారీల మీద తరలించేటప్పుడు టైర్లలో గాలి ఎక్కువ పెడతారు. అప్పగించే ముందు దాన్ని తగ్గించాలి. నా బండికి ఎవరూ తగ్గించలేదు.

గాలి ఎక్కువైతే టైరు మధ్యభాగమే ఎక్కువగా నేలను తాకుతుంది. రోడ్డు మీది ప్రతి గాడీ బండిని తనవైపు తిప్పుకుంటుంది.

1. చల్లగా ఉన్నప్పుడే 34కి దించాలి. ఇక్కడి ఎండలో మధ్యాహ్నం బంకులో కొలిచి దించితే, మరునాడు తెల్లవారేసరికి 30 కన్నా తక్కువ ఉంటుంది.
2. సొంత గేజి కొనాలి. రెండు బంకుల గేజీలకూ నా గేజికీ పోల్చి చూశాను. ఒకటి 3 పీఎస్‌ఐ ఎక్కువ చూపించింది.

ప్లే మారలేదు, మారకూడదు కూడా. సవరింపులు 48కి తగ్గాయి.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 650 (గేజి). ప్లే 34. సవరింపులు 48.

## దశ 3: స్టీరింగ్ డాంపర్ (నా మొదటి తప్పు)

ఏప్రిల్ 27. ఓడోమీటరు 1,020.

ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణంలో నా ఇబ్బంది చెబితే, బరువైన స్టీరింగ్ డాంపర్ వేయించుకోమన్నారు. రూ. 5,800, బిగింపు కూలి రూ. 400. కారణం తెలుసుకోకుండా వస్తువు కొన్నాను.

డాంపర్ చేసే పని ఒక్కటే, చక్రాల నుంచి వచ్చే కుదుపును మింగడం. వదులుగా ఉన్న కీలును అది బిగించలేదు. ఒరిగిన కోణాన్ని సరిచేయలేదు. సవరింపులు 48 నుంచి 47 అయ్యాయి, అంటే మార్పు లేనట్టే. వారధి అతుకుల మీద వణుకు మాత్రం పూర్తిగా పోయింది. ఆ రోజు అది నాకు మేలుగానే కనిపించింది. తర్వాత తెలిసింది, అసలు తప్పు ఎక్కడుందో చెబుతున్న ఏకైక గుర్తు ఆ వణుకే. దాన్ని ఆరు వేలు పోసి నేనే కనిపించకుండా చేశాను. అందువల్ల ఇంకో మూడు వారాలు వెతకాల్సి వచ్చింది.

గట్టి యాక్సిల్ బండ్లలో ఇలాంటి వణుకు ముదిరితే ముందు చక్రాలు రెండూ ఒకేసారి విపరీతంగా కొట్టుకోవడం మొదలుపెడతాయి. బండి దాదాపు ఆగేదాకా అది ఆగదు. కాబట్టి వణుకు ఉన్న బండికి ముందుగా డాంపర్ వేయకండి. ఉన్న డాంపర్ పాతదైనా సరే, కారణం దొరికేదాకా మార్చకండి.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 6,850. ప్లే 34. సవరింపులు 47.

## దశ 4: టో

మే 4. ఓడోమీటరు 1,310.

టో అంటే ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ ఉన్న తేడా. ముందు వైపు కొంచెం దగ్గరగా ఉంటే బండి తిన్నగా పోతుంది. ముందు వైపు విచ్చుకుని ఉంటే ఒక్కో చక్రం తన దారిన తాను పోవాలని చూస్తుంది.

ఇంట్లో కొలిచిన తీరు:

1. మీటరు పొడవున్న రెండు అల్యూమినియం చదరపు గొట్టాలు తెచ్చాను, రూ. 700.
2. ఒక్కో ముందు టైరు బయటి పక్కకు ఒక్కో గొట్టాన్ని, నేల నుంచి ఒకే ఎత్తులో ఇటుకల మీద ఆనించాను. టైరు అడుగున ఉబ్బిన భాగం గొట్టానికి తగలకుండా చూడాలి.
3. టైరు ముందు అంచు దగ్గర ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి టేపుతో కొలిచాను. వెనక అంచు దగ్గర కూడా అలాగే.
4. బండిని సగం చుట్టు ముందుకు తోసి మళ్లీ కొలిచాను. రిమ్ము వంకర ఏమైనా ఉంటే లెక్కలో సర్దుకుంటుంది.

ముందు 1,841.5, వెనక 1,840. అంటే 1.5 మి.మీ. విచ్చుకుని ఉంది. సర్వీసు పుస్తకం 2 మి.మీ. దగ్గరగా ఉండాలంటోంది. అలైన్‌మెంట్ దుకాణంలో రూ. 900 ఇచ్చి సరిచేయించాను. యంత్రం ఇచ్చిన కాగితం మీద అన్నీ పచ్చగా వచ్చాయి. ఆ కాగితాన్ని పారేయకుండా దాచండి. అందులో కాస్టర్ అంకెలూ ఉంటాయి. నా కాగితంలో ఎడమ 5.1, కుడి 5.3 డిగ్రీలు. హద్దు 5 నుంచి 7. పచ్చరంగు చూసి ఆ రోజు నేను పట్టించుకోలేదు.

తిరిగి వస్తుంటే స్టీరింగ్ మధ్యగీత 7 మి.మీ. పక్కకు జరిగి కనిపించింది. కారణం తేలికైనదే. టో సరిచేసేది రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ దగ్గర. స్టీరింగ్ మధ్యకు తెచ్చేది బాక్సు నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్ దగ్గర. మొదటిది చేసి రెండోది వదిలేశారు. ఇంట్లో డ్రాగ్ లింక్ క్లాంపులు వదులు చేసి, మధ్య గొట్టాన్ని కొంచెం తిప్పి, మూడు ప్రయత్నాల్లో మధ్యకు తెచ్చాను. బిగించేటప్పుడు క్లాంపు బోల్టు పక్కనున్న రాడ్డుకు తగలకుండా రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసుకోవాలి.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 8,450. ప్లే 34. సవరింపులు 38.

## దశ 5: బాక్సు మీది స్క్రూ (నా రెండో తప్పు, మొదటి దానికన్నా ప్రమాదకరం)

మే 11. ఓడోమీటరు 1,480.

సవరింపులు తగ్గుతున్నా ప్లే 34 దగ్గరే ఉండడం నన్ను తొందరపెట్టింది. స్టీరింగ్ బాక్సు మూత మీద లాక్‌నట్టుతో ఒక స్క్రూ ఉంటుంది. లోపలి సెక్టార్ షాఫ్టు పళ్లను అది దగ్గరకు తెస్తుంది. దాన్ని పావు చుట్టు బిగించాను. ప్లే ఒక్కసారిగా 22కి పడిపోయింది. ఇంటి ముందు బండి ఆపి అంకె చూసుకుని తప్పు దొరికిందనుకున్నాను.

మధ్యాహ్నం రామవరప్పాడు రింగు దగ్గర మలుపు తిప్పాక చేతులు వదులు చేశాను. స్టీరింగ్ తనంత తాను వెనక్కి రాలేదు. తిప్పిన చోటే ఆగిపోయింది. ఎదురుగా ఆటో వస్తోంది. రెండు చేతులతో బలంగా వెనక్కి తిప్పితే గానీ బండి నా వరసలోకి రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రెండు సెకన్లు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. ఈ దశ చదివి ఒక్కరైనా ఆ స్క్రూ జోలికి వెళ్లకుండా ఉంటే ఈ డైరీ రాసిన శ్రమ నాకు దక్కినట్టే.

లోపల జరిగింది ఇదీ. బాక్సులో పళ్లు మధ్యస్థానంలోనే అన్నిటికన్నా దగ్గరగా ఉంటాయి. అక్కడ హద్దు దాటి బిగిస్తే మధ్యస్థానమే బిగుసుకుపోతుంది. మలుపు తర్వాత చక్రాలు తిన్నబడాలని చూసినా బాక్సు ఒప్పుకోదు. పైగా పళ్లు తొందరగా అరుగుతాయి. నడక కొలత కూడా అదే చెప్పింది. ప్లే తగ్గినా సవరింపులు 38 నుంచి 44కి పెరిగాయి. స్టీరింగ్ ప్రతిసారీ కొంచెం పక్కన ఆగిపోవడం వల్ల నేను ఎక్కువసార్లు సరిదిద్దాల్సి వచ్చింది.

తిప్పేముందు స్క్రూ మీదా మూత మీదా కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీశాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే. దాని ఆధారంగా స్క్రూను సరిగ్గా పాత చోటికి తెచ్చాను.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 8,450. ప్లే మళ్లీ 34. సవరింపులు మళ్లీ 38.

## దశ 6: ట్రాక్ బార్

మే 18. ఓడోమీటరు 1,760.

ఆటోనగర్‌లో పాత జీపుల పని చేసే ఒక పెద్దాయన పిట్టు దగ్గరికి వెళ్లాను. నా నోటుబుక్కు అంతా చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బాబూ, బండి మీద ఒకరిని కూర్చోబెట్టి స్టీరింగ్ ఊపిస్తూ కింద నుంచి చూశావా?" చూడలేదు. ఐదు వారాల్లో ఆ పని ఒక్కసారీ చేయలేదు.

పరీక్ష ఇలా చేశాం:

1. బండి బరువంతా చక్రాల మీదే ఉండాలి. జాకీ ఎత్తకూడదు. ఎత్తితే కీళ్ల మీద భారం పోయి వదులు కనిపించదు.
2. ఇంజను ఆన్‌లో, చేతి బ్రేకు లాగి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టాలి.
3. లోపల మా బావమరిది స్టీరింగ్‌ను అటూ ఇటూ పావు చుట్టు లోపే, సెకనుకు ఒకసారి చొప్పున ఊపుతుంటాడు.
4. నేను పిట్టులో ఒక్కో కీలు మీదా వేలు ఆనిస్తూ వెళ్లాను. సగం వేలు ఒక భాగం మీద, సగం రెండో భాగం మీద. రెండూ కలిసి కదలకపోతే వేలికి తెలుస్తుంది.

డ్రాగ్ లింక్ రెండు కొనలూ బాగున్నాయి. టై రాడ్ బాగుంది. బాక్సు ఛాసిస్‌కు గట్టిగా ఉంది. ట్రాక్ బార్ (ముందు యాక్సిల్‌ను ఛాసిస్‌కు అడ్డంగా కలిపే కడ్డీ) ఛాసిస్ వైపు కొన దగ్గరికి రాగానే వేలి కింద టిక్, టిక్ అని తగిలింది.

ఎంత కదులుతోందో తెలియాలని పక్కనున్న లేత్ షాపులో అయస్కాంతపు దిమ్మతో డయల్ గేజి అడిగి తెచ్చాను. ముల్లు 0.8 మి.మీ. అటూ ఇటూ ఆడింది.

ఒక మిల్లీమీటరు కూడా లేని ఈ కదలికకు ఇంత బాధా అని నాకూ అనిపించింది. లెక్క వేశాను. గట్టి యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టుకునేది ట్రాక్ బార్ ఒక్కటే. స్టీరింగ్ బాక్సు ఛాసిస్ మీద ఉంది, చక్రాలు యాక్సిల్ మీద ఉన్నాయి. ట్రాక్ బార్ వదులైతే, డ్రాగ్ లింక్ తోసినప్పుడు చక్రం తిరగడానికి ముందు యాక్సిలే పక్కకు జరుగుతుంది. బాక్సు పిట్‌మన్ ఆర్మ్ (డ్రాగ్ లింక్‌ను తోసే చేయి) పొడవు నా బండిలో 150 మి.మీ. 0.8 మి.మీ. కదలిక ఆ ఆర్మ్ దగ్గర 0.3 డిగ్రీలు. బాక్సు నిష్పత్తి సుమారు 16. కాబట్టి స్టీరింగ్ దగ్గర దాదాపు 4.9 డిగ్రీలు, అంటే 16 మి.మీ. పైన. నా 34 మి.మీ. ప్లేలో సగం ఈ ఒక్క బోల్టు దగ్గరే ఉంది.

సర్వీసు పుస్తకం ఆ బోల్టుకు 170 న్యూటన్ మీటర్లు చెబుతోంది. టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) పెట్టి చూస్తే 90 దగ్గరే తిరగడం మొదలైంది. ఫ్యాక్టరీలో పూర్తిగా బిగించని బోల్టుతో బండి నా చేతికొచ్చింది. అప్పగించేముందు తనిఖీలో కూడా ఎవరూ చూడలేదు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది. కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని 1,700 కిలోమీటర్లు ఈ బోల్టు మీద తిరిగాను.

బిగించిన తీరు:

1. బోల్టు తీసి, బ్రాకెట్ రంధ్రం కోలగా సాగిందేమో కాలిపర్‌తో రెండు దిక్కులా కొలిచాను. అన్ని వైపులా సమానంగా ఉంది. సాగి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, బ్రాకెట్ పని చేయించాల్సి వచ్చేది.
2. బుష్‌లో (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) చీలికలు లేవు.
3. బండి నేల మీద, పూర్తి బరువుతో ఉన్నప్పుడే 170కి బిగించాం. జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి పట్టుకుంటుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది.
4. యాక్సిల్ వైపు బోల్టు కూడా చూశాం. అది సరిగానే ఉంది.
5. బోల్టు తల మీదా బ్రాకెట్ మీదా కలిపి ఒక తెల్ల గీత గీశాను.

కొత్త ప్లే 19 మి.మీ. లెక్క 16 తగ్గుతుందంది, కొలతలో 15 తగ్గింది. ఆ మధ్యాహ్నమే వారధి మీద తేడా తెలిసింది. తర్వాతి ఆదివారం నడక కొలతలో సవరింపులు 22.

ఖర్చు: పిట్టుకూ పెద్దాయన సమయానికీ రూ. 600, టార్క్ రెంచ్ రూ. 3,200. డాంపర్ డబ్బుతో మొదటే ఈ రెంచ్ కొని ఉంటే ఏప్రిల్‌లోనే సగం పని అయిపోయేది.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 12,250. ప్లే 19. సవరింపులు 22.

## దశ 7: స్టీరింగ్ షాఫ్టు కీలు

మే 25. ఓడోమీటరు 2,050.

ఊపే పరీక్షను ఈసారి పైనుంచి చేశాం. బానెట్ ఎత్తి, స్టీరింగ్ నుంచి బాక్సుకు దిగే షాఫ్టు మీద పై భాగంలో ఒక చుక్క, బాక్సులోకి దూరే కొన మీద ఒక చుక్క పెట్టాం. స్టీరింగ్ ఊపితే పై చుక్క ముందు కదిలింది, కింది చుక్క ఆ తర్వాత. కింది యూనివర్సల్ జాయింటును పట్టి ఉంచే బోల్టు వదులు.

దీన్ని నేను ముట్టుకోలేదు. ఆ బోల్టు ఊడితే స్టీరింగ్‌కూ చక్రాలకూ సంబంధమే ఉండదు. పుస్తకం ప్రకారం ఒకసారి విప్పితే కొత్త బోల్టే వేయాలి. వీడియో, డయల్ గేజి ఫొటో, నా అంకెల పట్టిక తీసుకుని సర్వీసు కేంద్రానికి వెళ్లాను. అంకెలు చూశాక ఈసారి మాట మారింది. పై అధికారి స్వయంగా కిందికి దిగి చూశారు. వారంటీలో కొత్త బోల్టు వేసి, ట్రాక్ బార్ బోల్టునూ తమ రెంచ్‌తో మరోసారి సరిచూశారు.

మీరు వెళ్తే జాబ్ కార్డు మీద "స్టీరింగ్ సమస్య" అని రాయనివ్వకండి. ఏ బోల్టు, పుస్తకం చెప్పిన టార్క్ ఎంత, బిగించే ముందు ఎంత ఉంది, బిగించాక ఎంత ఉంది, ఈ నాలుగూ రాయించండి. రేపు ఇదే భాగం పాడైతే ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 12,250. ప్లే 15. సవరింపులు 20.

## దశ 8: కాస్టర్

జూన్ 1. ఓడోమీటరు 2,390.

ప్లే సగం కన్నా తక్కువకు వచ్చినా 100 వేగంలో బండి ఇంకా తేలికగా అనిపిస్తోంది. అప్పుడు పాత అలైన్‌మెంట్ కాగితం మళ్లీ తీశాను. 5.1, 5.3. హద్దుకు లోపలే ఉన్నాయి, కానీ కింది అంచుకు ఆనుకుని ఉన్నాయి.

కాస్టర్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం అటూ ఇటూ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం. సైకిలు ముందు ఫోర్కు వాలు చూడండి. చేతులు వదిలినా సైకిలు కాసేపు తిన్నగా పోవడంలో ఆ వాలుకూ భాగముంది. వాలు తగ్గితే చక్రం తనంత తాను మధ్యకు రావాలనే కోరికను కోల్పోతుంది.

నా బండిలో కింది కంట్రోల్ ఆర్మ్ (యాక్సిల్‌ను ఛాసిస్‌కు పొడవునా కలిపే కడ్డీ) బోల్టులు క్యామ్ రకం. తిప్పితే యాక్సిల్ కొంచెం ఒరుగుతుంది. అన్ని బండ్లలోనూ ఇవి ఉండవు, ముందు చూసుకోండి. అలైన్‌మెంట్ యంత్రం మీద బండి ఉండగానే చేయించాను:

1. రెండు వైపులా క్యామ్ పాత స్థానాలకు గీతలు గీయించాను.
2. రెండింటినీ ఒకేలా కొంచెం కొంచెం తిప్పిస్తూ ప్రతిసారీ తెర మీద అంకె చూశాను.
3. ఎడమ 6.2, కుడి 6.3 దగ్గర ఆపించాను.
4. బిగించాక టో మళ్లీ చూడమన్నాను. 0.5 మి.మీ. మారింది, సరిచేశారు.

7 దాకా ఎందుకు పోలేదంటే, గట్టి యాక్సిల్‌లో కాస్టర్ పెంచితే యాక్సిల్ మొత్తం తిరుగుతుంది. దానితోపాటు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (ముందు యాక్సిల్‌కు ఇంజను శక్తిని అందించేది) కలిసే కోణమూ మారుతుంది. ఎక్కువైతే ఆ షాఫ్టు వేగంలో కంపిస్తుంది. 6.2 దగ్గర 100 వేగందాకా కంపనం లేదు. దుకాణం యజమాని 6.8కి తీసుకెళ్దామన్నారు, నేను వద్దన్నాను. కొంచెం బరువెక్కిన స్టీరింగ్ నాకు చాలు, షాఫ్టును పణంగా పెట్టను.

సవరింపులు 13. రామవరప్పాడు రింగు దగ్గర కావాలనే అదే మలుపు తిప్పి, చేతులు స్టీరింగ్‌కు దగ్గరగా ఉంచి వదిలాను. మెల్లగా, సాఫీగా మధ్యకు వచ్చింది.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 14,050. ప్లే 15. సవరింపులు 13.

## దశ 9: డాంపర్ తీసివేత

జూన్ 8. ఓడోమీటరు 2,610.

బరువైన డాంపర్ విప్పి, బండితో వచ్చిన పాతదాన్నే బిగించాను. వారధి అతుకుల మీద 60, 70, 80 వేగాల్లో మూడేసి సార్లు నడిపాను. వణుకు లేదు. సవరింపులు 13. అప్పటి వణుకు ట్రాక్ బార్‌దేనని దీంతో తేలింది. డాంపర్‌ను రూ. 3,500కి అమ్మేశాను. కొన్నాయనకు ఈ డైరీ మొత్తం చూపించి, ముందు ఊపే పరీక్ష చేసుకోమని చెప్పే ఇచ్చాను.

నికర ఖర్చు రూ. 10,550. ఇందులో పనికొచ్చింది రూ. 7,850. డాంపర్ మీద పోయింది రూ. 2,700.

మిగిలిన 15 మి.మీ., అంటే 4.4 డిగ్రీలు, బాక్సుదే. ఊపే పరీక్షలో ఇంకే కీలూ దొరకలేదు. చక్రాలను జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని, ఆపై రెండు పక్కలా పట్టుకుని ఊపినా బేరింగుల్లో, బాల్ జాయింట్లలో ఆట లేదు. ఈ రకం బాక్సులో కొంత ప్లే ఉండక తప్పదని ఒప్పుకుంటున్నాను. స్క్రూ తల మీది తెల్ల గీత మాత్రం నెలకోసారి చూస్తాను, అంతే.

జూలై 6. ఓడోమీటరు 3,900.

కొండవీడు ఘాట్ రోడ్డు ఒకసారి, గుంటూరుకు తొమ్మిదిసార్లు. వానలు మొదలయ్యాక కృష్ణ కరకట్ట పక్క మట్టి దారుల్లో రెండు రోజులు. ఆ తర్వాత పిట్టులోకి దించి చూశాను.

1. ట్రాక్ బార్ బోల్టు: తెల్ల గీత కదలలేదు. రెంచ్ 170 దగ్గర క్లిక్‌మంది.
2. షాఫ్టు బోల్టు: రెండు చుక్కలూ కలిసి కదులుతున్నాయి.
3. డ్రాగ్ లింక్ క్లాంపులు: ఒకటి కొంచెం వదులైంది, బిగించాను. ప్రతి 5,000 కి.మీ.కి చూడాల్సిన జాబితాలో చేర్చాను.
4. ప్లే: 15, 15, 16, 15, 15.
5. టైర్లు: 34, 34, 33, 34. మూడోదానికి గాలి కొట్టాను.

తదుపరి కొలత 5,000 దగ్గర.